మచ్చకూ కాలేయానికీ చుట్టరికం ఎంత?

జులై 28 వైద్య శాస్త్రవేత్త బరూచ్ బ్లూంబర్గ్ పుట్టినరోజు. ప్రపంచ హెపటైటిస్ దినం కూడా అదే. ఆయన స్మృతికి ఈ చిన్న చరిత్ర.

1960లలో ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో బ్లూంబర్గ్ బృందానికి కనిపించిన వింత ప్రొటీన్, చివరికి హెపటైటిస్ బి వైరస్ పైపొర అని తేలింది. 1976లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆయన పని మన పొలంగట్ల దాకా కూడా వచ్చింది. ఎముక విరిగితే పుత్తూరు కట్టు, కామెర్లొస్తే నేల ఉసిరి పసరు: చిత్తూరు పల్లెల్లో తరాలుగా ఇదే లెక్క. ఆ నేల ఉసిరినే పొడిచేసి మద్రాసులో శాస్త్రవేత్త త్యాగరాజన్ బృందం హెపటైటిస్ బి ఉన్నవాళ్లకిచ్చి చూసింది. 1988లో 'లాన్సెట్'లో వచ్చిన ఆ వ్యాసానికి బ్లూంబర్గ్ కూడా ఒక రచయిత. మందు తీసుకున్నవాళ్లలో నూటికి 59 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైందని అందులో రాశారు. తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. పసరు తాగి రక్తపరీక్ష మానేసేవాళ్లు ఈ చివరి మాట కూడా వినాలి.

ఇదంతా కాలేయం సంగతి. ఇక దానితో చుట్టరికం ఉందంటున్న చర్మం సంగతి. మణికట్టు మీద, చీలమండ దగ్గర ఊదారంగులో, బల్లపరుపుగా, విపరీతమైన దురదతో లేచే పొక్కులకు 1869లో లండన్ వైద్యుడు ఎరాస్మస్ విల్సన్ 'లైకెన్ ప్లానస్' అని పేరు పెట్టాడు. చిత్తూరు మనిషి వైద్యానికి రాయవేలూరు బస్సెక్కినా, తిరుపతి రుయా ఆసుపత్రికి వెళ్లినా, డాక్టరు పొక్కు మీద నూనెచుక్క వేసి భూతద్దం పెట్టి చూడవచ్చు. అప్పుడు సన్నని తెల్లగీతలు తేలతాయి. 1895లో వాటిని వర్ణించింది పారిస్ వైద్యుడు లూయీ విక్‌హాం. అవే గీతలు బుగ్గ లోపల జల్లెడలా అల్లుకుంటే రాగిసంగటి గొంతు దిగుతుంది గానీ, ఊరిబిండి నోట పెట్టడమే గండం. చాలామంది దాన్ని వక్కాకు పొక్కనుకుని వదిలేస్తారు.

ఈ జబ్బుకు కాలేయంతో లంకె ఉందన్న అనుమానం బలపడింది ఇటలీలో. 1990లో అక్కడి చర్మవైద్యులు పలు ఆసుపత్రుల రోగులను పోల్చి చూస్తే, లైకెన్ ప్లానస్ ఉన్నవాళ్లలో కాలేయ జబ్బు ఎక్కువగా కనిపించింది. సరిగ్గా అంతకు ముందేడే, 1989లో, మైకేల్ హౌటన్ బృందం హెపటైటిస్ సి వైరస్‌ను పట్టుకుంది. ఆ తర్వాత ఇటలీ, జపాన్‌లలో రెండు జబ్బులూ ఒకే మనిషిలో తరచు కనిపించాయి. ఇంగ్లండులో అంతగా కనిపించలేదు. మన దేశంలోనూ పలు పరిశీలనల్లో లంకె బలంగా తేలలేదు.

ఎందుకీ తేడా? కాలేయంలోని విషమేదో చర్మంలోకి పొంగుతుందన్న ఊహ పామరులకు నచ్చుతుంది గానీ, అసలు పని రోగనిరోధక కణాలది. అవి చర్మపు అడుగు వరుస కణాలనే శత్రువులనుకుని దాడి చేస్తాయి. హెపటైటిస్ సి వైరస్‌ను గుర్తుపట్టే టి-కణాలు, అంటే ఒక రకం రోగనిరోధక కణాలు, రోగుల నోటి పొరలోనూ దొరికాయి. ఇటలీ రోగుల్లో హెచ్‌ఎల్‌ఏ-డీఆర్6 అనే జన్యుగుర్తు ఎక్కువగా కనిపించింది. అంటే వైరస్ ఒక్కటే చాలదు, వంశం కూడా కలిసి రావాలి. లైకెన్ ప్లానస్ కనిపించిన ప్రతివాళ్లనూ 'నీ కాలేయం పోయింది' అని భయపెట్టడం వైద్యం కాదు.

అలాగని పరీక్ష దండగ అనడమూ తప్పే. మన బ్లడ్ బ్యాంకుల్లో హెపటైటిస్ సి పరీక్ష ఈ శతాబ్దం మొదట్లో గానీ తప్పనిసరి కాలేదు. అంతకుముందు రక్తం ఎక్కించుకున్నవాళ్లకు వైరస్ ఉన్నా ఏళ్ల తరబడి తెలియకపోవచ్చు.

పైగా ఇప్పుడు దీనికి మందుంది. 2013లో అమెరికాలో సోఫోస్‌బువిర్ ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు. 12 వారాల కోర్సు 84,000. 2015కల్లా హైదరాబాదు కంపెనీలు హెటెరో, నాట్కో జనరిక్ మాత్రలు తెచ్చి ధరను నేలకు దించాయి. అంతకుముందు ఈ వైరస్‌కు వాడిన ఇంటర్‌ఫెరాన్ సూదులతో చర్మజబ్బు ముదిరినవాళ్లున్నారు. ఈ మాత్రలతో వైరస్ పోయాక కొందరికి నోటి పుండ్లు తగ్గాయి, కొందరికి తగ్గలేదు. కాలేయం మాత్రం చాలామందిలో కుదుటపడుతుంది.

నోట్లో తెల్లజల్లెడ ఉండి, ఎప్పుడో రక్తం ఎక్కించుకున్నవాళ్లూ, డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్లూ ఒక్కసారి హెపటైటిస్ సి పరీక్ష చేయించుకోండి. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షా, మందులూ రెండూ ఉచితమే.