అప్పు భయము - పొదుపు ధైర్యము

భయము మనుష్యునికి పుట్టుకతో వచ్చిన గుణము. పాము కనబడినప్పుడు వెనుకకు గంతువేయుట, ఏరు పొంగినప్పుడు మెరకకు చేరుట భయము వలననే జరుగుచున్నవి. అట్టి భయము ప్రాణములు కాపాడును. దానిని నిందింప బనిలేదు. నేను ఇప్పుడు ప్రస్తావింపదలచినది వేరొక భయము, సంసారపు జమాఖర్చులను గూర్చిన భయము. నెల చివర బియ్యపు డబ్బాలో చేయి పెట్టినప్పుడు అడుగు చేతికి తగిలినచో ఇల్లాలికి కలుగు భయము అది. అప్పిచ్చినవాడు వీధిలో కనబడినచో యజమానిని సందులోనికి మరలించు భయము అది. పిల్లవాని కళాశాలకు జీతము కట్టవలసిన తేది దగ్గర పడుచుండగా, తల్లిదండ్రులు ఆ మాట తప్ప తక్కిన మాటలన్నియు మాట్లాడుకొనుటకు కారణమైన భయము అది.

ఈ రెండు భయములకును ఒక భేదమున్నది. పాము భయము మనిషిని పరుగెత్తించును. అప్పు భయము మనిషిని కూర్చుండబెట్టును. నోటు వ్రాసి ఇచ్చిన నాడు దానిని పెట్టెలో పెట్టుదుము. మరల తీసి చూచుటకు చేయి రాదు. 'రేపు చూతము' అందురు. ఆ రేపు పండుగ అగును, ఎల్లుండి పెండ్లి అగును. మనము చూడనంత మాత్రమున వడ్డీ ఆగునా? అది ఆదివారమునాడు సైతము సెలవు తీసికొనదు.

చీకటిలో త్రాటిని చూచి పామని భ్రమించిన వాని కథను మన పెద్దలు వేదాంతములో దృష్టాంతముగా చెప్పుదురు. దీపము తెచ్చినంతనే భ్రాంతి తొలగును. సంసారములో దీపమనగా లెక్కయే. అయితే దీపము తెచ్చి చూడగా అది త్రాడు గాక నిజముగా పామే కావచ్చును. అప్పు మనము ఊహించిన దానికంటె పెద్దదే కావచ్చును. అట్టిచో దీపము మరింత అవసరము గదా! పాము ఎక్కడ నున్నదో తెలిసినవాడు ఏ వైపు తప్పుకొనవలెనో తెలిసికొనును. తెలియనివాడు గది మధ్య నిలువబడి వణకుచుండును.

ఒక చిన్న లెక్క చూతము. 'నూటికి మూడు రూపాయల వడ్డీ' అను మాట మన ఊళ్ళలో తరచుగా వినబడును. వినుటకు మూడు రూపాయలే. కాని అది నెలకు మూడు, సంవత్సరమునకు ముప్పదియారు. పదివేల రూపాయల అప్పునకు నెలకు 300 రూపాయలు వడ్డీ. మూడేండ్లు వడ్డీ మాత్రమే కట్టినవాడు 10,800 రూపాయలు చెల్లించియుండును. అసలు పదివేలును అట్లే నిలిచియుండును. అదే పదివేలు ఏటికి నూటికి 12 రూపాయల వడ్డీకి ఒక బ్యాంకులో దొరికినదనుకొనుడు. అప్పుడును నెలకు ఆ 300 రూపాయలే కట్టుచు వచ్చినచో, నలువదియొక్క నెలలలో వడ్డీతోపాటు అసలు కూడ పూర్తిగా తీరిపోవును. ఇంటినుండి బయటకు పోవు సొమ్ము రెండు విధములను నెలకు మూడువందలే. ఒక దారిలో అప్పు ఎన్నటికిని తీరదు. రెండవ దారిలో మూడున్నర ఏండ్ల లోపున తీరును. కాగితముమీద ఈ లెక్క వేసికొననివానికి రెండవ దారి యొకటి ఉన్నదనియే తెలియదు.

'లెక్క తెలిసినది, సరే. చేతిలో చిల్లిగవ్వ లేనివాడు ఏమి చేయగలడు? బ్యాంకు మెట్లు ఎక్కుటకే భయము గదా!' అని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. దీనికి మన తెలుగునాటనే, నెల్లూరు జిల్లాలోని దూబగుంట అను పల్లెలో, 1992వ సంవత్సరమున కొందరు స్త్రీలు సమాధానము చెప్పిరి.

ఆనాటికి పల్లెలలో సారా ఇంటింటి కష్టమై యుండెను. పగలెల్ల చెమటోడ్చి తెచ్చిన కూలి సాయంకాలమునకు సారా దుకాణము పాలగుచుండెను. పిల్లలకు కూడు లేదు, ఇల్లాలికి దెబ్బలు తప్పవు. ఆ రోజులలోనే నెల్లూరు జిల్లాలో 'అక్షర దీపము' అను పేర అక్షరాస్యతా ఉద్యమము సాగుచుండెను. రాత్రి బడికి వచ్చిన స్త్రీలు వాచకములో తమ బ్రదుకునకు సంబంధించిన పాఠములనే చదువుకొనిరి. త్రాగుబోతు భర్తతో వేగు ఇల్లాలి కథ అందు ఒకటి. చదివినవారు అది తమ కథయే అని గుర్తించిరి. ఎవరికి వారు తమ ఇంటి గుట్టు అని దాచుకొన్నది ఊరందరి కష్టమేనని వారికి ఆ దీపపు వెలుగులో తెలియవచ్చెను.

వారికి భయము లేకపోలేదు. ఇంట మగని చేతి దెబ్బ భయము, బయట దుకాణదారుని మనుషుల భయము. ఒక్కొక్కతె విడివిడిగా ఎన్నో యేండ్లు భయపడుచునే యుండెను. అందరును కలిసి నడచిన నాడు ఆ భయము పంచుకొనబడెను. వారు రాష్ట్రమంతటిని మార్చుటకు బయలుదేరలేదు. తమ ఊరిలోని సారా అమ్మకమును ఆపుటకు బయలుదేరిరి, ఆపిరి. ఆ ఉద్యమమునకు ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మను తరువాత లోకమెల్ల దూబగుంట రోశమ్మ అనియే పిలిచెను. దూబగుంట విజయము 'ఆడవాళ్లు ఏకమైతే' అను పాఠమై తక్కిన పల్లెలకు చేరెను. ఉద్యమము జిల్లా నిండెను, జిల్లాలు దాటెను. సారా వేలంపాటలు పలుమారులు ఆగిపోయెను. 1993 అక్టోబరు 1వ తేదినుండి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో అది సడలింపబడెను. చట్టము వచ్చినది, పోయినది. కాని ఆ స్త్రీలు నేర్చిన మరియొక విద్య మాత్రము పోలేదు. అది పొదుపు.

సారాకు పోవుచుండిన సొమ్ము ఇంటిలో నిలిచినప్పుడు, దానిలో రోజునకు ఒక్క రూపాయి ప్రక్కకు పెట్టుడని నెల్లూరు జిల్లాలో వారికి ప్రోత్సాహము లభించెను. దానికి 'పొదుపు లక్ష్మి' అని పేరు. రూపాయిని చూచి నవ్వవలదు. పదునైదుగురు స్త్రీలు రోజునకు రూపాయి చొప్పున కూడబెట్టిన సంవత్సరమునకు 5,475 రూపాయలగును. ఆ రోజులలో ఒక కూలి కుటుంబమునకు అది కంటికి కనబడని మొత్తము. ఒకతె పిల్లకు జ్వరము వచ్చిన, ఆమె అర్ధరాత్రి వడ్డీ వ్యాపారి తలుపు తట్ట నక్కరలేదు. సంఘమునుండి తీసికొనును. ఆమె కట్టు వడ్డీ కూడ సంఘములోనే చేరును. అనగా తన వడ్డీలో తనకును భాగమున్నది.

అదే 1992లో నాబార్డు సంస్థ దేశములో 500 స్వయం సహాయక సంఘములను బ్యాంకులతో కలుపు ప్రయత్నమును ఆరంభించెను. పొలము లేదు, పుట్ర లేదు; బ్యాంకువారు దేనిని చూచి అప్పు ఇత్తురు? సంఘము నడవడిని చూచి ఇత్తురు. క్రమముగా సమావేశమగుట, క్రమముగా పొదుపు చేయుట, ఆ సొమ్మును సభ్యులు అప్పుగా ఇచ్చి పుచ్చుకొనుట, గడువునకు తిరిగి చెల్లించుట, లెక్కలు వ్రాసి ఉంచుట - వీనిని పంచసూత్రములందురు. పది మొదలు ఇరువదిమంది గల సంఘము ఈ అయిదింటిని పాటించినచో, ఆ పుస్తకమే వారికి పూచీ. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెంటను ఇట్టి సంఘములు లేని పల్లె అరుదు. ఒకనాడు వేలిముద్ర వేయుటకు సిగ్గుపడిన స్త్రీ బ్యాంకులో అధికారి ఎదుట కుర్చీలో కూర్చుండి, తన సంఘపు లెక్క తాను చెప్పుచున్నది. బ్యాంకు భయము ఆమెకు ఉపన్యాసములు విని పోలేదు. నెలనెలా పోయి వచ్చుటచే పోయినది.

అయితే ధైర్యమునకు కొలత ఉండవలెను. రామాయణములో వానరులు సముద్రతీరమున కూర్చుండి ఎవరెంత దూరము దుముకగలరో చెప్పుకొనిన ఘట్టము మీరెరిగినదే. అంగదుడు నూరు యోజనములును దాటగలనని చెప్పెను. కాని తిరిగి రాగలనో లేదో అని సందేహించెను. ఆ సందేహము పిరికితనము కాదు, వివేకము. అప్పు తీసికొను ప్రతివాడును అంగదుని ప్రశ్న వేసికొనవలెను. 'పోగలను సరే, తిరిగి రాగలనా?' 2010 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో సూక్ష్మఋణ సంస్థల అప్పులు ఒకదానిపై ఒకటి తీసికొని, ఒకరి వాయిదా కట్టుటకు మరియొకరివద్ద అప్పుచేసి, వసూలుదారుల ఒత్తిడికి తాళలేక ఎన్నో కుటుంబములు నలిగిపోయెను. ప్రాణములు తీసికొన్నవారును గలరు. ఆ సంవత్సరము అక్టోబరులో ప్రభుత్వము అత్యవసరముగా శాసనము చేయవలసివచ్చెను. పొదుపుతో ఆరంభమైన అప్పునకును, అప్పుతోనే ఆరంభమైన అప్పునకును గల అంతరము ఆనాడు తెలియవచ్చినది. మొదటిదానిలో చెల్లించు అలవాటు ముందు కుదురును, సొమ్ము తరువాత చేతికి వచ్చును. రెండవదానిలో సొమ్మే ముందు వచ్చును.

ఇది పల్లె స్త్రీల సంగతి గదా, జీతము వచ్చు మాకేమి అని పట్టణపు గృహస్థు అనుకొనరాదు. జీతగానికి సారా దుకాణము లేకపోవచ్చును. కాని నలుగురు ఏమనుకొందురో అను భయమున్నది. ఆ భయముతో శక్తికి మించి పెండ్లి చేయును, వాయిదాలపై వస్తువులు కొనును. బీరువాలోని నగను బ్యాంకులో కుదువ పెట్టి మూడు రూపాయల వడ్డీ అప్పును తీర్చివేయుటకు బదులు, పరువు పేర ఆ వడ్డీనే ఏండ్ల తరబడి కట్టుచుండును. పరువు మిగులును గాని పైకము మిగులదు. కొన్నాళ్ళకు పరువును మిగులదు.

కావున ఈ ఆదివారము సాయంకాలము భార్యాభర్తలు ఒక నోటు పుస్తకము తీసికొని కూర్చుండుడు. ఎదిగిన పిల్లలను కూడ పిలువుడు. మొదటి పుట రాబడికి, రెండవ పుట ఖర్చునకు, మూడవ పుట అప్పులకు. ప్రతి అప్పునకు ప్రక్కన సంవత్సరమునకు నూటికి ఎంత వడ్డీయో వ్రాయుడు. నెలవడ్డీని పన్నెండుచే గుణింప మరువకుడు. అన్నిటికంటె హెచ్చు వడ్డీ గల అప్పు ఏదో దానిని ముందు తీర్చు ఉపాయము ఆలోచింపుడు. అదే వారములో బ్యాంకునకో పోస్టాఫీసునకో పోయి, ఎంత చిన్న మొత్తమైనను పొదుపు ఖాతాలో వేయుడు. ఖర్చు పెట్టగా మిగిలినది దాచుట కాదు, దాచగా మిగిలినది ఖర్చు పెట్టుట అలవాటు చేసికొనుడు. బ్యాంకులో వేసిన సొమ్ము ఏమగునో అని శంకించువారు ఒక సంగతి గ్రహింపవలెను. ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకు గల నిక్షేపమునకు 2020 నుండి బీమా రక్షణ యున్నది. అట్లే, ఏడాదిలో సొమ్ము రెట్టింపు చేసి ఇత్తుమని ఎవరైన ఇంటికి వచ్చి చెప్పినచో, అక్కడ మాత్రము భయపడుడు. భయపడవలసిన చోట భయపడుటయు గృహస్థధర్మమే.

ఆ మూడు పుటలు వ్రాసిన రాత్రి మీ అప్పు ఒక్క రూపాయియు తగ్గదు. ఆ మాట ముందే చెప్పుట న్యాయము. కాని ఇంతకాలము ఒక్కరు లోలోపల మోసినదానిని ఇంటిల్లిపాది చూచియుందురు. దాని పొడవెంతయో వెడల్పెంతయో తెలిసియుండును. మరునాడు ఏ పని చేయవలెనో పుస్తకములో వ్రాసియుండును. దూబగుంట స్త్రీలకు మొదటి రాత్రి దొరికినదియు అంతే. మరునాటి పనిని వారు మరునాడే చేసిరి.