శశిరేఖ నడచిన త్రోవ
(ప్రసంగ పాఠము)



టెలివిజను ధారావాహిక తన పెట్టెను దాటి పుస్తకముగను, బొమ్మల కథగను వ్యాపించుట పాశ్చాత్యులు కనిపెట్టిన విద్య యని పలువురు తలంతురు. 1963లో ఇంగ్లాండున ఆరంభమైన ‘డాక్టర్ హూ’ మరుసటి యేడే పిల్లల పత్రికలో బొమ్మల కథ యయ్యెను. అమెరికాలో 1966లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ 1967 నాటికి కథల పుస్తకముగా వెలువడెను. టెలివిజను పేరైనను వినని తెలుగు పల్లెలలో ఈ పని అంతకు మునుపే జరిగినది. అందుకు శశిరేఖయే సాక్షి.

వ్యాసభారతమున శశిరేఖ లేదు. అందు అభిమన్యుని భార్య ఉత్తర. బలరామునికి ఈ కూతురును, ఆమె పెండ్లికి ఘటోత్కచుని మాయను సమకూర్చినవారు తరతరాల కథకులు, నాటకకర్తలు. అయినను ఇది భారతములోనిదే యని పందెము కట్టువారు నేటికిని కలరు. ఇన్ని నోళ్ల నలిగిన కథకు గ్రంథసాక్ష్య మేల?

1885లో కడప జిల్లా సురభి గ్రామమున ‘కీచకవధ’తో పుట్టిన సురభి నాటక సమాజములు ‘మాయాబజారు’ను ఊరూర ఆడినవి. కంటికానని తీగెలతో వస్తువులను గాలిలో నడిపించుట వారి ప్రత్యేకత. 1936లో అది టాకీ యయ్యెను. 1957లో మన తాడిపత్రివారైన కె.వి.రెడ్డిగారు విజయా సంస్థకు తీసిన చిత్రము తక్కినవానిని మరపించినది. పింగళి నాగేంద్రరావుగారు పుట్టించిన ‘అసమదీయులు’ తెర దిగి రచ్చబండ చేరినారు.

పాటల పుస్తకము సంగతి చెప్పుకొనవలెను. సినిమాహాలు వాకిట కొద్ది పైసలకు దొరకు ఆ పలుచని పుస్తకమున పాటలతోపాటు కథాసంగ్రహ ముండెడిది. కథ సగమున ఆపి, తక్కినది తెరపై చూడుడనుట ఆచారము. వర్తకుల యుక్తియే! కాని టిక్కెట్టుకు డబ్బులేని వారు ఆ తక్కిన సగమును తామే అల్లుకొనిరి. పిమ్మట గ్రామఫోను రికార్డులు వచ్చెను. రేడియో చలనచిత్రముల ధ్వనిని కుదించి వినిపించెను. చిత్రము చూడనివారికిని ఎస్.వి.రంగారావుగారి నవ్వు పరిచితమే.

1987 జనవరి నుండి 1988 జూలై వరకు దూరదర్శన్‌లో రామానందసాగర్ ‘రామాయణ్’ వచ్చినది. హిందీ రాని మన ముసలివారికి కథ విప్పిచెప్ప నక్కరలేక పోయినది. హరికథలును, తోలుబొమ్మలాటలును వారికి ముందే చెప్పియుండెను.

ఆ తోలుబొమ్మలవారు దూరమున లేరు. ధర్మవరము చెంత నిమ్మలకుంటలో నున్నారు. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. కాని తెల్లవార్లు ఆడించువారు తగ్గిరి. మేకతోలుపై రంగులద్దిన హనుమంతుడు ఇప్పుడు దీపపు గుమ్మటమై పట్టణములకు పోవుచున్నాడు. తోలుపని వలన కడుపు నిండుచున్నది; సంతోషమే. అయితే బొమ్మ వెనుక పాడిన పద్యములు గుమ్మటముతో పోవు. అవి వృద్ధుల కంఠములందే యున్నవి. వారిని ఒక రాత్రి ఇచ్చట ఆడించి, ఆ పాటలను వ్రాసికొనినచో, ఈ బీరువాలలో వానికి చోటు కలదు.