గృహ కంప్యూటరు – ర్యాన్సమ్‌వేర్ బెడద



జంషెడ్‌పూరున స్థిరపడిన తెలుగు కుటుంబములలో అనేకుల స్వగ్రామములు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములందున్నవి. తొలితరము వారు ఉద్యోగార్థులై ఈ ఉక్కునగరమునకు వచ్చునపుడు ట్రంకుపెట్టెలో తెచ్చుకొన్న భూమి దస్తావేజులు, పెండ్లి ఫొటోలు, జాతకములు నేడు పెక్కిండ్లలో స్కాను చేయబడి కంప్యూటరులోనికి చేరినవి. వాని ప్రక్కనే పింఛను కాగితములు, ఆదాయపు పన్ను పత్రములు, కుమార్తె వ్రాయుచున్న పరిశోధన గ్రంథము, గతించిన తల్లి కంఠస్వరము గల రికార్డింగు. పూర్వపు ట్రంకుపెట్టెకు ఒక తాళమైన నుండెడిది. ఈ నూతన పెట్టెకు అనేక గృహములలో అదియు లేదు. పైగా పరాయివాడు తన తాళమును తెచ్చి దీనికి వేయగలడు. ర్యాన్సమ్‌వేర్ అనునది అట్టి తాళమే.

జార్ఖండ్ వాసులకు జామ్‌తాడా పేరు చెప్పిన వెంటనే ఫోను మోసములు జ్ఞప్తికి వచ్చును. ఈ రెంటికి భేదము కలదు. ఫోను మోసగాడు మాటలతో మభ్యపెట్టి బ్యాంకు ఖాతాలోని సొమ్ము లాగును. ర్యాన్సమ్‌వేర్ బ్యాంకు జోలికి పోదు. అది కంప్యూటరులోని ఫైళ్లను గూఢలిపిలోనికి మార్చి, మరల చదువవలెనన్న ఇంత సొమ్ము చెల్లింపుమని తెరమీద ప్రకటన వేయును. పిల్లను ఎత్తుకొనిపోయి సొమ్మడుగు బందిపోటు పద్ధతియే ఇది. భేదమేమన, బందీ ఇల్లు కదలదు.

దీని కీలకమును గ్రహించుటకు కప్పతాళమును తలచుకొనిన చాలును. కప్పతాళమును నొక్కి వేయుటకు తాళపుచెవి అక్కరలేదు, ఎవరైనను వేయవచ్చును. తీయుటకు మాత్రము చెవి కావలెను. దొంగ పంపు ప్రోగ్రాము ఫైళ్లను ఒక రహస్య సంఖ్యతో మార్చి, ఆ సంఖ్యను ఇట్టి కప్పతాళమున బంధించును. తాళము గృహస్థుని కంప్యూటరులో నుండును, చెవి దొంగ యొద్ద నుండును. కావుననే యాంటీ వైరస్ ప్రోగ్రాము ఆ క్రిమిని తొలగించినను ఫైళ్లు తిరిగిరావు. దొంగను తరిమివేసినంత మాత్రమున వాడు వేసిన తాళము ఊడదు గదా!

ఈ దౌష్ట్యము నిన్న మొన్న పుట్టినది కాదు. 1989 డిసెంబరులో జోసెఫ్ పాప్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఎయిడ్స్ వ్యాధిని గూర్చిన సమాచారమను మిషతో దాదాపు 20,000 ఫ్లాపీ డిస్కులను తపాలా ద్వారా అనేక దేశములకు పంపినాడు. వానిని వాడిన కంప్యూటరు తొంబది పర్యాయములు తెరచిన పిమ్మట ఫైళ్ల పేర్లన్నియు మారిపోయి, పనామా దేశపు తపాలా పెట్టెకు 189 డాలర్లు పంపుమను కోరిక ప్రత్యక్షమయ్యెడిది. ఆనాటి తాళము బలహీనమైనది. నిపుణులు త్వరలోనే విప్పినారు. నేటి తాళములు అట్టివి కావు. సొమ్మును బిట్‌కాయిన్ రూపమున అడుగుటచే, పుచ్చుకొన్నవానిని పట్టుటయు దుర్లభమైనది.

తెలుగువారికి ఈ బెడద ప్రత్యక్షముగ తెలిసినది 2017 మే నెలలో. ఆ నెల 12వ తేదీన వన్నాక్రై అను క్రిమి ప్రపంచమున విడుదలై, కొలది దినములలో 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను బంధించినది. బ్రిటనులో ప్రభుత్వ ఆసుపత్రులు రోగులను వెనుకకు పంపవలసి వచ్చినది. మరునాటికే ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలలోని కొన్ని కార్యాలయముల కంప్యూటర్లు దాని వాత బడినవి. దొంగలను పట్టువారి కంప్యూటర్లకే దొంగ తాళము వేసెనని ఆనాడు నవ్వినవారు లేకపోలేదు. నవ్వవలసిన విషయము కాదది.

ఈ వన్నాక్రై కథలో ఒక ముఖ్యాంశమున్నది. దీనికి ఎవరును ఏ లంకెను నొక్కనక్కరలేదు. విండోస్‌లో ఒక కంప్యూటరు మరియొకదానితో ఫైళ్లను పంచుకొను మార్గమున ఒక లోపముండెను. క్రిమి ఆ సందులోనుండి తనంత తానే ప్రాకిపోయెను. ఆ సందును పూడ్చు సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ 2017 మార్చి 14వ తేదీననే విడుదల చేసి యుండెను. అనగా ఉపద్రవమునకు దాదాపు రెండు నెలల ముందే మందు సిద్ధము. అప్‌డేటు చేసికొన్నవారు నిశ్చింతగ నిద్రించిరి. రెండవ వింత యేమన, ఆ క్రిమి పని ప్రారంభించుటకు ముందు ఇంటర్నెట్‌లో అర్థములేని ఒక దీర్ఘమైన చిరునామా కలదా యని వెదకెడిది. ఉన్నచో తన పని మానెడిది. మార్కస్ హచిన్స్ అను ఆంగ్ల యువకుడు దానిని కనిపెట్టి, ఆ చిరునామాను తన పేర నమోదు చేయగనే వ్యాప్తి చాలవరకు ఆగిపోయినది. ప్రతి పర్యాయము అట్టి యదృష్టము పట్టదు.

2019లో ఆంధ్ర, తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లును ఇట్లే స్తంభించినవి. 2022 నవంబరు 23వ తేదీన ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు బంధింపబడి, అంతటి ఆసుపత్రిలో రోగుల నమోదు కొన్ని దినములు చేతివ్రాతతో నడచినది. చివరకు రోగుల వివరములు లభించినది దొంగ దయవలన కాదు. క్రిమి సోకని వేరొక సర్వరులో ప్రతులుండుట వలన.

ఇక గృహముల మాట. ఇంటి కంప్యూటరునకు ఈ క్రిమి ఎక్కువగా యజమాని ఆహ్వానము మీదనే వచ్చును. కొరియరు రసీదు అనియో, విద్యుత్ బిల్లు అనియో వచ్చు ఈమెయిలుకు జతపరచిన ఫైలు ఒక ద్వారము. పేరునకు పిడిఎఫ్ వలె కన్పట్టినను చివర ఇఎక్స్ఇ అను తోక యుండును. విండోస్ ఆ తోకను దాచిపెట్టును. ఫైలు పేర్ల తోకలను చూపు ఏర్పాటును ఒకమారు చేసికొనిన ఆ వేషము బయటపడును. అంతకంటె పెద్ద ద్వారము ఉచితముగ దొరకు దొంగ సాఫ్ట్‌వేర్. విండోస్‌ను, ఫొటోలు దిద్దు ప్రోగ్రాములను, ఆటలను క్రాక్ చేయు చిన్న ప్రోగ్రాముల లోపల దాగి, స్టాప్ అనియు డిజేవియు అనియు పిలువబడు క్రిమి లెక్కలేనన్ని గృహములను పాడుచేసినది. క్రాక్ నడచుటకై యాంటీ వైరస్‌ను కొంతసేపు ఆపుమని అందులోనే సూచన యుండును. గృహస్థు ఆ ప్రకారమే చేయును! కాపలాకుక్కను కట్టివేసి దొంగకు తలుపు తీయుటకును దీనికిని భేదమేమి?

అప్‌డేటును రేపటికి వాయిదా వేయు అలవాటు మానవలెను. విండోస్ 10కు సాధారణ సవరణలు 2025 అక్టోబరు 14వ తేదీతో ఆగిపోయినవి. ఆ కంప్యూటరునే వాడువారు కొత్తదానికి మారుటయో, పొడిగింపు సవరణలకు నమోదు చేసికొనుటయో చేయవలెను. పిల్లలకు అడ్మినిస్ట్రేటరు ఖాతా గాక సామాన్య ఖాతా ఇచ్చుట మేలు. విండోస్‌లోనే ఎంపిక చేసిన ఫోల్డర్లను అపరిచిత ప్రోగ్రాములు తాకకుండ కాపాడు ఏర్పాటొకటి కలదు. అది మొదట ఆపివేసి యుండును గనుక స్వయముగ తెరువవలెను. కార్యాలయపు పెన్‌డ్రైవును ఇంటికి, ఇంటి పెన్‌డ్రైవును కార్యాలయమునకు త్రిప్పు ఉద్యోగులు రెండు చోట్లకును అపాయము తెచ్చువారగుదురు.

అయినను వీనియన్నిటికంటె బలమైన రక్ష ప్రతి తీసి యుంచుట. మూలముతో కలిపి మూడు ప్రతులు, రెండు విధములగు సాధనములపై, ఒకటి ఇంటి వెలుపల – ఇది నిపుణుల లెక్క. బయటి హార్డ్ డిస్కు కొని దానిని ఎల్లప్పుడు కంప్యూటరునకు తగిలించియే యుంచిన ఫలము సున్న. తగిలియున్న డిస్కునకును తాళము పడును. ప్రతి తీసిన వెంటనే ఊడదీసి బీరువాలో పెట్టవలెను. వేసవి సెలవులకు టాటానగరులో రైలెక్కి స్వగ్రామము పోవువారు రెండవ డిస్కును అచ్చటి బంధువుల యింట నుంచి రావచ్చును. క్లౌడ్‌లో దాచినవారు ఒక సంగతి తెలిసికొనవలెను: ఇంట పాడైన ఫైలే అచ్చటికిని ప్రాకి మంచిదానిని కప్పివేయును. పూర్వపు రూపమును తిరిగి తెచ్చు సదుపాయము పలు సంస్థలు ఇచ్చుచున్నను, దానికి దినముల గడువుండును. ఆరు నెలలకొకమారు ప్రతినుండి ఒక ఫైలును తెరచి చూచుటయు అవసరమే. తెరువరాని ప్రతి ప్రతియే కాదు.

తాళము పడినదని తెలిసినచో మొదట ఇంటర్నెట్ తీగెను పీకి, వైఫైని ఆపి, తగిలించిన డిస్కులను ఊడదీయవలెను. దొంగ ప్రకటనను ఫోనుతో ఫొటో తీయవలెను. 1930 నంబరునకు ఫోను చేసియో, కేంద్ర హోంశాఖ సైబర్ నేర పోర్టలులోనో, నగరమందలి సైబర్ పోలీసు ఠాణాలోనో ఫిర్యాదు చేయవలెను. కేంద్ర ప్రభుత్వ సంస్థయగు సెర్ట్-ఇన్‌కు తెలుపవచ్చును. సొమ్ము చెల్లింపవచ్చునా యను ప్రశ్న దుఃఖములోనున్నవానికి సహజమే. చెల్లించినను చెవి వచ్చునను పూచీ లేదు. ఆ సొమ్ము మరియొక గృహముపై దాడికి పెట్టుబడి యగును.

తొందరపడి డిస్కును ఫార్మాట్ చేయుట మాత్రము కూడదు. డచ్చి పోలీసులు, యూరోపోల్, రెండు భద్రతా సంస్థలు కలసి 2016 జులైలో నో మోర్ ర్యాన్సమ్ అను వెబ్‌సైటును నెలకొల్పినవి. అందు అనేక తాళములకు చెవులు ఉచితముగ లభించును. 2019 అక్టోబరులో స్టాప్ క్రిమి రూపములలో 148 వానికి ఎమ్సిసాఫ్ట్ సంస్థ ఉచిత సాధనమును వెలువరించినది. 2020 ఏప్రిలులో షేడ్ అను ముఠా తన వ్యాపారము మానుకొని దాదాపు ఏడున్నర లక్షల చెవులను బహిరంగ పరచినది. బంధింపబడిన డిస్కును పారవేయక బీరువాలో దాచి యుంచిన కుటుంబములకు ఆ చెవులు పనికి వచ్చినవి.