గుల్ల లోహములు – వేడిమి, వాయువుల ప్రభావము



లోహమనగానే నిండుదనము, బరువు, గట్టిదనము మనస్సునకు తోచును. నాగటికర్రు, ఇత్తడిబిందె, మెడలోని తాళిబొట్టు – వీనిలో సందు కలదని ఎవరును తలపరు. కాని లోహమును తేనెపట్టువలె గుల్లగా చేయవచ్చును. ఆ గుల్లలు కంటికి కానరావు. వాని వెడల్పును కొలుచుటకు మీటరులో నూరుకోట్లవ వంతైన నానోమీటరు కావలయును. తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. ఈ రంధ్రములలో పెక్కు 50 నానోమీటర్లకు లోపే యుండును.

పేరు క్రొత్తదేగాని పని ప్రాతది. గూడూరు, ఎమ్మిగనూరు, ఆదోని అంగళ్ళలోని స్వర్ణకారులకు ఆమ్లముతో వెండిని వేరుపరచుట తెలియని విద్య కాదు. బంగారు ఖనిజమునకు పేరొందిన జొన్నగిరియు ఈ కర్నూలు జిల్లాలోనిదే. బంగారము మేలిమిని తేల్చువారు దానికి రెండున్నర, మూడు రెట్లు వెండి చేర్చి కరగింతురు; పలుచని రేకుగా సాగగొట్టి, చుట్టగా చుట్టి, నత్రికామ్లమున కాచుదురు. వెండి ఆమ్లములో కరగిపోవును, బంగారము కరగదు. మిగిలిన చుట్ట గోధుమవన్నె కలిగి, ముట్టినంతనే చిట్లునట్లుండును. దానిని ఎర్రగా కాల్చినచో కొంత ముడుచుకొని, గట్టిపడి, పచ్చని పసిడివన్నె దాల్చును.

ఆ గోధుమవన్నె చుట్టయే గుల్ల బంగారము. వెండి తొలగుచుండగా మిగిలిన బంగారు పరమాణువులు ఉపరితలముపై కదలి, గుంపులు కట్టి, సన్నని పోగుల అల్లికగా ఏర్పడును. ఈ విధానమును 2001లో జోనా ఎర్లెబాకర్, ఆయన సహచరులు వివరించిరి.

కాల్చినపుడు జరుగునదేమి? బంగారము కరగుటకు 1064 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి కావలయును. కాని గుల్ల బంగారము కొన్ని వందల డిగ్రీలకే మారజొచ్చును. ఉపరితలముననున్న పరమాణువునకు చుట్టుపట్ల తోడు తక్కువ. అందుచే అది నిలకడలేక కదలుచుండును. చేమాకుపై చిన్నబొట్లు కలిసి పెద్దబొట్టగునట్లు, సన్నపోగులు కలిసి లావగును; రంధ్రములు కొన్ని పెద్దవగును, కొన్ని పూడును. కరగకయే రూపము మారును.

వేడిమి ఎంతో, చుట్టునున్న వాయువును అంత ముఖ్యము. గుల్ల రాగిని గాలిలో కాల్చినచో ఆమ్లజని చేరి పోగులు నల్లని భస్మముగా మారును. ఉదజనిలో కాల్చినచో ఆ భస్మము తిరిగి లోహమగును. కాని కప్పులేని ఆ శుద్ధలోహపు పోగులు వేడికి త్వరగా లావెక్కును. ఒకచోట లోహమే పోవును. మరొకచోట లోహము మిగిలి గుల్లతనము పోవును.

ఇందువలన నష్టమేమని అడుగవచ్చును. వేరుసెనగ పండించు ఈ సీమవారికి నూనె సంగతి చెప్పిన చాలును. 1920 దశకమున అమెరికా దేశీయుడు మర్రే రేనీ నూనెలను గడ్డకట్టించు సాధనమునకై వెదకుచు, నికెలును అల్యూమినియమును కలిపి కరగించి, పొడిచేసి, కాస్టిక్ సోడా ద్రావణముతో అల్యూమినియమును తొలగించెను. మిగిలిన గుల్ల నికెలు నూనెలోనికి ఉదజనిని చేర్చుటలో మిక్కిలి సమర్థమైనది. దాని ఒక గ్రాము పొడిలోని లోపలి గోడలనన్నిటిని పరచినచో ఇంచుమించు 100 చదరపు మీటర్లు, అనగా రెండున్నర సెంట్ల నేల యగును. దాని బలమంతయు ఆ వైశాల్యముననే కలదు. పొడిగా గాలి తగిలినచో అది తనంతట తానే మండును. కనుకనే నీటిలో ముంచి నిలువయుంతురు. మితిమించి వేడిచేసినచో రంధ్రములు పూడి, నికెలు నికెలుగానే యుండియు పనికిరానిదగును. ఒకసారి పూడిన గుల్ల చల్లార్చినంతమాత్రమున తిరిగి రాదు.

దీనికి ఉపాయమును కనుగొనిరి. 2011లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలకు చెందిన శాస్త్రజ్ఞులు గుల్ల బంగారపు పోగులకు ఒక్క నానోమీటరు మందము గల అల్యూమినా పూత పూసి, 1000 డిగ్రీల వేడిమిలోనూ ఆ అల్లిక చెడకుండ నిలుపవచ్చునని చూపిరి.

స్వర్ణకారునకు రంధ్రములు పూడవలయును. అప్పుడే వన్నె వచ్చును. కర్మాగారమునకు రంధ్రములు నిలువవలయును. అప్పుడే పని జరుగును. అగ్ని ఒక్కటే. ఎంతసేపు, ఎంత వేడి, ఏ గాలి – ఈ మూడింటిని ఎరిగినవానికే అది సేవకుడు.

ఈ ప్రయోగమును ఇంటియొద్ద ఎవరును చేయరాదు. నత్రికామ్లమునుండి లేచు ఎర్రని పొగ ఊపిరితిత్తులకు హానికరము. కాని అంగడిలో ఆ చుట్ట వన్నె మారుట చూచిన బాలుడు 'ఎందువలన?' అని అడిగినపుడు, ఆ ప్రశ్నకు ఉత్తరము దొరకు గ్రంథము ఈ గ్రంథాలయపు బీరువాలో ఉండవలెను. రజతోత్సవమునకు గూడూరు ప్రజలు చేయదగిన కానుక అదియే.