నల్లమలలో ఒక దినము

మా బావగారికి డెబ్బదిరెండేండ్లు. చిన్ననాడు తల్లిదండ్రుల వెంట శివరాత్రికి శ్రీశైలము నడచిన అడవిని మరల నొకమారు చూడవలెనని ఆయన చిరకాలవాంఛ. మోకాళ్లు సహకరింపవు. అందుచే ఆయన మనుమడు హైదరాబాదునుండి ఇల్లువంటి మోటారుబండి నొకదానిని అద్దెకు తెచ్చెను. అందు పడకలు, పొయ్యి, నీళ్లతొట్టి, స్నానపుగది సైతము గలవు. అడవిలో నిలిపి, వండుకొని, నిదురింపవచ్చునని మా యూహ.

కార్తికమాసమున తెల్లవారుజామున వనపర్తిలో బయలుదేరితిమి. నాగర్‌కర్నూలు, అచ్చంపేట దాటినవెనుక శ్రీశైలమునకు ఉత్తరద్వారమని పేరుగన్న ఉమామహేశ్వరపు కొండకు బండిలోనుండియే మ్రొక్కితిమి. మన్ననూరి తనిఖీ గేటుకడ కావలివాడు మా పడకలను చూచి నవ్వెను. రాత్రి తొమ్మిదినుండి ఉదయ మారువరకు ఆ బాటపై బండ్లు నడవరాదట; అడవిలో నిలిచియుండుటయు కూడదట. రాత్రి ఆ బాట మృగములది. 1983లో ఈ యడవిని నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల రక్షితప్రాంతముగా నేర్పరచిరి. 2014లో రాష్ట్రము విడిపోయినపిమ్మట మనవైపు భాగము అమ్రాబాదు పేరట వేరైనది. మా పొయ్యి వెలుగలేదు. ఇంటినుండి తెచ్చిన జొన్నరొట్టెలే గతియైనవి.

ఫరహాబాదు అనగా సంతోషస్థానము. నిజాముప్రభువుల వేటవిడిది అచ్చట నుండెడిది. ఆనాడు పులిని చంపుటకు పోయిన త్రోవలోనే నేడు పులిని చూచుటకు పోవుచున్నారు. మాకు పులి కనబడలేదు. ఒక దుప్పిమంద మాత్రము కనబడెను.

వటవర్లపల్లికడ పెద్దబాట విడిచి సుమారు 8 కిలోమీటర్లు పోయిన మల్లెలతీర్థము. దిగుటకు మూడువందలకు పైబడిన మెట్లు. వలదంటిని. బావగారు వినలేదు, నా భుజము పట్టుకొని దిగిరి. జలపాతముక్రింద శిరస్సు తడుపుకొని పసిబిడ్డవలె నవ్విరి. ఎక్కునప్పుడు సగముదారిలో ఊపిరి అందక మెట్టుపై కూలబడిరి. ముఖము పాలిపోయెను. నాకు కాళ్లు వణకినవి. అక్కకు ఏమి చెప్పగలను?

అప్పుడు పైనుండి ఒక చెంచుముదుసలి దిగివచ్చి ప్రక్కన కూర్చుండెను. నీళ్లలో తేనె కలిపి గ్రుక్కెడు గ్రుక్కెడుగా త్రాగించెను. “పది మెట్లు ఎక్కు, కూసో. తొందర ఏముంది?” అనెను. నన్ను చూపి “ఈయన ఏమైతడు?” అని యడిగెను. బావమరది నంటిని. “అట్లైతే భయం లేదు” అనెను. కొండచరియల తేనెకు తాడుపై దిగునప్పుడు పైన తాడు పట్టువాడు బావమరదియేనట. తోబుట్టువు పసుపుకుంకుమలకై వాడు తాడు విడువడట. బావగారు ఆ బాధలోను నవ్విరి.

ఆ ముదుసలి ఒక పెంటవాడు. మైదానపు మనకు పెంట యనగా చెత్తకుప్ప. వారికి అది పల్లె. 1940లో హైమెండార్ఫ్ అను ఐరోపా పండితుడు ఈ చెంచులనడుమ నివసించి, వారినిగూర్చి 1943లో పెద్దగ్రంథమును ప్రకటించెను. పులులకొరకు కొన్ని పెంటలను వెలుపలికి తరలించు ప్రయత్నమునుగూర్చి అడిగితిని. “పులి మా జోలికి రాదు, మేం పులి జోలికి పోము. ఊర్లకు పోయినాంక తేనెకు ఎవని చెట్టు ఎక్కాలె?” అనెను. ఇల్లు, పొలము, బడి ఇత్తురుగదా యంటిని. అతడు మారు పలుకక బావగారి చేయి పట్టి లేపెను. నా ప్రశ్న వనపర్తిలో కూర్చుండి అడుగదగినది గాని ఆ మెట్లపై అడుగదగినది కాదని పిమ్మట తోచినది.

పైకి చేరుటకు రెండుగంటలు పట్టెను. రూక లీయబోగా అతడు తేనెకు మాత్రమే వెల పుచ్చుకొనెను. బావగారికి ఊపిరి కుదుటపడువరకు అచ్చటనే యుంటిమి. మరల పెద్దబాట నెక్కునప్పటికి బాగుగా ప్రొద్దుపోయినది. మలుపులలో పరుగెత్తింప వీలులేదు. ఒకచోట అడవిపందుల మంద అడ్డమురాగా దీపములు తగ్గించి వేచితిమి. మనుమడు మాటిమాటికి గడియారము చూచుచుండెను.

దోమలపెంట చేరితిమి. 2025 ఫిబ్రవరి 22న సొరంగము కూలి ఎనమండుగురు పనివారు లోపల చిక్కుకొనిన తావు అదియే. ఎచ్చటెచ్చటినుండియో పొట్టకూటికి వచ్చినవారు. ఆ దిక్కునకు నమస్కరించితిని. గేటుకడ తొమ్మిదికి ఎనిమిది నిమిషములున్నవి. బావగారు తేనెసీసాను రొమ్మున కదుముకొని నిదురించుచుండిరి. ఆనకట్ట దీపములు కనబడగానే లేపితిని. “నడిచే వచ్చితిమా?” అని నిద్రమత్తులో అడిగిరి. “కొంత నడిచితిమి బావగారూ” అంటిని.