కోళ్లకు తెగులొస్తే ఆడవాళ్ల లెక్క ఎవరు రాస్తారు?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కోళ్ల జబ్బుకీ స్త్రీల హక్కులకీ ఏమిటి సంబంధమని నన్ను ఒకరిద్దరు అడిగారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో జరిగింది చెప్తాను, సంబంధం మీకే తెలుస్తుంది.

తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం కోళ్లఫారాల నుంచి పంపిన నమూనాల్లో హెచ్5ఎన్1 వైరస్ ఉందని భోపాల్ ప్రయోగశాల తేల్చింది. బర్డ్ ఫ్లూ అని మనం అనేది దీన్నే. కిలోమీటరు లోపలి కోళ్లన్నిటినీ చంపి పూడ్చాలి, 10 కిలోమీటర్ల మేర నిఘా పెట్టాలి, ఇదీ పద్ధతి. ఎన్ని కోళ్లు పోయాయి, చికెన్ ధర ఎంత పడిపోయింది అని పేపర్లు రాశాయి. షెడ్లలో గుడ్లు ఏరేవాళ్లు, మేత పోసేవాళ్లు, రెట్ట ఎత్తేవాళ్లు ఎన్నాళ్లు పని లేకుండా కూచున్నారో నాకు ఏ పేపర్లోనూ కనబడలేదు.

గుడ్ల ఫారాల్లో చాలాచోట్ల మొగుడూపెళ్లాల్ని జంటగా పనిలో పెట్టుకుంటారు. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన కుటుంబాలు షెడ్డు పక్క గదిలోనే ఉంటాయి. జీతం మగవాడి చేతికిస్తారు. పుస్తకంలో ఆమె పేరే ఉండదు. తెల్లారి లేచి చచ్చిన కోళ్లను తీసి బస్తాకెత్తేది మాత్రం ఆమే. జబ్బు ఖరారయ్యాక చంపడానికొచ్చే సిబ్బందికి ఒంటినిండా తొడుగులు, మాస్కులు, కళ్లద్దాలు, మందు బిళ్లలు ఇస్తారు. ఇవ్వాల్సిందే. మరి ఖరారయ్యేదాకా ఆ కోళ్లను వట్టి చేతుల్తో ఎత్తినామె సంగతి?

జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణకు 2009లో కేంద్రం చట్టం చేసింది. జబ్బు అనుమానం వస్తే పంచాయతీకి తెలపాల్సినవాళ్లలో యజమానితో పాటు స్వచ్ఛంద సంస్థల్నీ అందులో పేర్కొన్నారు. ఈ సంగతి మనలో ఎందరికి తెలుసు? పరిహారం మాత్రం కోళ్ల సొంతదారుకే. అదీ ప్రభుత్వం చంపించిన కోడికే. జబ్బుతో ముందే చచ్చినదానికి పైసా రాదు.

వేల కోళ్లున్న ఫారానికి డాక్టరు ఫోన్లో దొరుకుతాడు. పెరట్లో ఆరు కోళ్లున్నామె గంప ఎత్తి చూసేసరికి నాలుగు చచ్చి ఉంటాయి. మిగిలిన రెండింటికీ జాబితా రాసేటప్పుడు ఇంటి యజమాని పేరు అడుగుతారు. పిల్లాడి నోటు పుస్తకాలూ, పుట్టింటికి బస్సు చార్జీలూ ఆమెకి ఆ కోళ్ల మీదే వెళ్లేవి. పరిహారం మొగుడి ఖాతాలో పడితే కోడీ పోయె, డబ్బూ పోయె. 2008 జనవరిలో పశ్చిమ బెంగాల్లో బీర్భూం మొదలు చాలా జిల్లాలకు ఈ జబ్బు పాకినప్పుడు చంపినవి ఎక్కువగా ఇలాంటి పెరటి కోళ్లే.

ఇంకొక మాట. 2025 మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప ఈ వైరస్‌తోనే చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని వార్తలొచ్చాయి. తల్లికి బుద్ధుండొద్దా అన్నవాళ్లు మనలోనూ ఉన్నారు. ఆ కోడి ఎక్కణ్ణుంచి వచ్చింది, కొట్లోకి ఎవరు పంపారు అని అడిగినవాళ్లు తక్కువ. బాగా ఉడికిస్తే వైరస్ చస్తుంది, నిజమే. ఆ జాగ్రత్తలు వంటింటికి చెప్పేవాళ్లు ఫారానికీ కోళ్ల కొట్టుకీ కూడా వెళ్లి చెప్పాలి.

బర్డ్ ఫ్లూ ఎప్పుడో గాని రాదు. కొక్కెర తెగులు అలా కాదు, మన ఊళ్లకి ఏటా వస్తూనే ఉంటుంది. డాక్టర్లు రాణీఖేత్ అనేది దీన్నే, ఇదీ వైరస్ జబ్బే. దీనికి టీకా ఉంది. ఫారం వాళ్లు నీళ్లలో కలిపి ఒక్క పూటలో వేల కోళ్లకు తాపిస్తారు. చిన్న సీసా అంటేనే 100 డోసులు. చల్లగా ఉంచాలి, కలిపాక రెండు మూడు గంటల్లో వాడెయ్యాలి. ఆరు కోళ్లామె అది కొని ఏం చేసుకుంటుంది? పదిహేను ఇళ్లు కలిస్తే ఒక సీసా సరిపోతుంది. మీ సంఘం సమావేశం రోజునే, కోళ్లను గంప కింద నుంచి వదలకముందే, పశువైద్య సహాయకుణ్ణి ఊళ్లోకి రప్పించండి. ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో మందు తెమ్మనండి. వచ్చినప్పుడే కోళ్ల సొంతదారుల జాబితా ఆడవాళ్ల పేర్లతో రాయించి, నకలొకటి మీ దగ్గర ఉంచుకోండి. రేపు కోళ్లను చంపాల్సొస్తే పరిహారం అడగడానికి ఆ కాగితం పనికొస్తుంది.

ఫారంలో పనిచేసే ఆడవాళ్ల పేర్లు హాజరు పుస్తకంలోకి ఎక్కడానికి మాత్రం కాగితం చాలదు. పదిమందిమి కలిసి గేటు దగ్గరికి వెళ్లాలి. చలికాలం రాకముందే వెళ్లాలి.