మాఫీలు, రేట్లు: మన మూడు తాలూకాల పన్నుల కథ



ఎవరి స్మృతిలో ఇక్కడ కూర్చున్నామో ఆ మాస్టారు బడ్జెట్ పత్రాలు తెప్పించుకుని పంక్తి పంక్తీ చదివేవారు. ఎంత వసూలు చేశారన్నది ఎవరైనా అడుగుతారు, ఎవరికి ఎంత వదిలేశారో అడగండి అని మాకు నేర్పారు. ఈ ఉపన్యాసానికి ఆ ప్రశ్నే ఆధారం.

ఎక్కువ రేటు పెట్టి, తర్వాత తమకు తోచినవారికి తగ్గించడం ఒక పద్ధతి. అందరికీ ముందే తక్కువ రేటు పెట్టి ఊరుకోవడం ఇంకో పద్ధతి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం తాలూకాల ఈ నేల రెండు వందల ఏళ్లకు పైగా చాలావరకు మొదటి పద్ధతి కిందే బతికింది. నేను రెండో దాని పక్షాన మాట్లాడటానికి వచ్చాను.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కుంఫిణీకి ధారాదత్తం చేశాడు. దత్త మండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రో 1807 దాకా ఉన్నాడు. పాళెగాళ్లను అణిచాడు, పొలం పొలం కొలిపించాడు, నేరుగా రైతు పేరునే శిస్తు కట్టాడు. మనవాళ్లు ఆయన మీద అభిమానంతో పిల్లలకు మండ్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. అయితే శిస్తు ఎంత? మన్రో లెక్క ప్రకారమే పంటలో నూటికి 45 పాళ్లు. మన మెట్ట చేలలో వాన తప్పిన ఏడు అది ఎవరి వల్లా అయ్యే పని కాదు. అందుకని ఏటేటా శిస్తు ఖరారు చేసే జమాబందీలో మాఫీలు ఇవ్వాల్సి వచ్చేది. మాఫీ రావాలంటే పంట పోయిందని కరణం రాయాలి, అమల్దారు ఒప్పుకోవాలి, కలెక్టరు సంతకం పెట్టాలి. ఇంటిల్లిపాదీ తిండి కరణం రాసే ఆ ఒక్క వరుస మీద ఆధారపడేది.

ఈ సంగతి మన్రోకు బాగా తెలుసు. 1807 ఆగస్టు నాటి నివేదికలో శిస్తును 25 శాతం తగ్గించమన్నాడు. బావుల కింది భూములకు మరో 8 శాతం తగ్గించమన్నాడు. అప్పుడు సర్కారు వాటా పంటలో సుమారు మూడో వంతు దగ్గర నిలుస్తుంది, రైతుకు మిగిలింది తిరిగి భూమిలోకే పోతుంది, భూమికి అమ్మకపు విలువ వస్తుంది అని వాదించాడు. పైవాళ్లు వినలేదు. ఆయన ఇంగ్లండుకు వెళ్లిపోయాక ఊళ్లకు ఊళ్లనే కౌలుకిచ్చారు, మొదట మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు. ఆ హెచ్చు శిస్తు కట్టలేక కౌలుదార్లు చితికిపోయారు. మన్రో 1820లో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాక గానీ ఆ తగ్గింపు అమలు కాలేదు. పదమూడేళ్లు పట్టింది. తగ్గించమని అడిగినవాడు పన్ను వసూలు చేసే అధికారే, అదీ ఈ గడ్డ మీద కొలతలు వేయించి అడిగాడు. అందుకే ఇంతసేపు ఆయన దగ్గర ఆగాను.

భారం పొలంతో ఆగలేదు. మగ్గం మీద, దుకాణం మీద, పనిముట్టు మీద వేసిన మొహతర్ఫా పన్ను మద్రాసు రాజధానిలో 1861 వరకు సాగింది. చీర అమ్ముడైనా కాకపోయినా మగ్గం ఉంటే చాలు, కట్టాల్సిందే.

ఇక్కడ నా పక్షంవాళ్లకే చెప్పాల్సిన మాట ఒకటుంది. 1876-78 కరువులో ఈ తాలూకాలు ఎండిపోయినప్పుడు బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ పొదుపు పేరిట కరువు పనుల కూలీలో ధాన్యాన్ని రోజుకు ఒక పౌనుకు కుదించాడు. మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ దాన్ని గట్టిగా ఎదిరించాడు, ఆయనదే న్యాయం. ప్రభుత్వానికి హద్దు ఉండాలి అనేవాడెవడూ ఆకలితో పడిపోయిన మనిషి దగ్గర ఆ హద్దు గీయకూడదు. ప్రాణం నిలపడం ప్రభుత్వం చేయవలసిన మొదటి పనుల్లో ఒకటి.

స్వతంత్రం వచ్చాక కూడా రేటు తగవు తీరలేదు. 1962లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూమి శిస్తుపై అదనపు భారం వేస్తూ చట్టం చేసింది. నేల సారం చూడకుండా కనీస రేటు ఒకటి నిర్ణయించింది, అభ్యంతరం చెప్పుకునే సరైన దారి కూడా పెట్టలేదు. రైతులు కోర్టుకెక్కారు. 1967లో నల్ల రాజారెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టం సమానత్వ హక్కుకు విరుద్ధమని తేల్చింది. పన్ను వేసే అధికారం కూడా రాజ్యాంగానికి లోబడే ఉండాలని మన తెలుగు రైతుల వ్యాజ్యంలోనూ తేలింది. ఈ తీర్పు బడి పుస్తకాల్లో ఉండదగినది.

హిందూపురం నుంచి మూడుసార్లు గెలిచిన ఎన్.టి. రామారావు గారు 1984లో మునసబు, కరణాల పదవులను రద్దు చేశారు. అధికారి కలం బలం తగ్గించిన ఆ చర్యను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. ఆయన కిలో రెండు రూపాయల బియ్యం పథకం గురించి చాలా వాదనలున్నాయి. నా మట్టుకు అభ్యంతరం బియ్యం మీద కాదు. దాని ఖర్చు ఏ పన్నులోంచి వస్తుందో ఓటరుకు ఎన్నడూ విడమరచి చెప్పలేదు, అదీ నా బాధ.

ఇక ధర్మవరం. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక పట్టునూలుకూ, పట్టుబట్టకూ 5 శాతం పడింది. 2019 డిసెంబరు 21న ఇదే ధర్మవరంలో అప్పటి ముఖ్యమంత్రి నేతన్న నేస్తం పథకం ప్రారంభించారు. సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చారు. మరి మాస్టర్ వీవర్ మగ్గం మీద కూలికి నేసేవాడి సంగతి? జాబితాలో చోటు లేకపోయింది. 2024లో వచ్చిన కొత్త ప్రభుత్వం 2025 ఆగస్టులో చేనేత మీద జీఎస్టీని తిరిగి చెల్లిస్తామంది. ఒక కిటికీ దగ్గర కట్టించుకుని ఇంకో కిటికీ దగ్గర తిరిగివ్వడం దేనికి? మధ్యలో దరఖాస్తు, లాగిన్, జాబితా, ఫోటో ఉంటాయి. ఆ పన్నే లేకపోతే నేతగాడు ఎవరికీ దండం పెట్టనక్కర్లేదు. రేటు జీఎస్టీ మండలిలో తేలాలి కాబట్టి మన రాష్ట్ర మంత్రి అక్కడ గట్టిగా పట్టుబట్టాలి. 2021 డిసెంబరు 31న బట్టల మీద 12 శాతం రేటును అదే మండలి వాయిదా వేసింది, అడిగితే ఆగుతుందని అప్పుడు చూశాం.

పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2017 ఏప్రిల్ ఒప్పందంతో వచ్చింది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు, ఏటా మూడు లక్షల కార్లు తయారుచేసే శక్తి. హంద్రీ-నీవా నీళ్లు గొల్లపల్లి జలాశయానికి చేరబట్టే అది నిలబడింది. మన పిల్లలకు ఉద్యోగాలొచ్చాయి, సంతోషం. అయితే భూమి, నీరు, పన్ను రాయితీలు ఆ కంపెనీకి ప్రత్యేకంగా ఇచ్చారు. హిందూపురంలో పదిమందితో నడిచే లేతు వర్క్‌షాపుకు ఎవరూ అలాంటి రాయితీ ఉత్తర్వు ఇవ్వలేదు. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరిట 8,800 ఎకరాలకు పైగా కేటాయించారు, ఆ హబ్ మాత్రం రానేలేదు. ఎవరికి లాభమో సర్కారు ఎంచుకునే అధికారం ఉన్నంతకాలం, వ్యాపారి మనసు పనితనం మీద కన్నా సచివాలయం మీదే ఉంటుంది.

సర్కారు పన్ను అధికారానికి హద్దు రాయడం సాధ్యమేనా అంటారేమో. వృత్తి పన్ను ఏడాదికి 2,500 రూపాయలు దాటరాదని రాజ్యాంగం 276వ అధికరణలోనే రాసి ఉంది. 1988 నుంచి ఆ హద్దు కదలలేదు, రాష్ట్రాలేవీ కూలిపోలేదు.

కేంద్రం తన బడ్జెట్‌తో పాటు రాయితీల వల్ల వదులుకున్న ఆదాయం వివరాలు ప్రకటిస్తోంది. మన రాష్ట్ర బడ్జెట్‌తో పాటూ ఏ పరిశ్రమకు, ఏ వర్గానికి, ఎన్నేళ్లకు, ఎంత వదిలారో జిల్లా వారీగా తెలుగులో అచ్చువేసి శాసనసభ ముందు పెట్టాలి. ప్రతి రాయితీకి గడువు తేదీ ఉండాలి, గడువు తీరాక సభ ఓటు లేనిదే పొడిగించకూడదు. మన మూడు నియోజకవర్గాల ఎమ్మెల్యేలకూ ఈ రెండు కోరికలతో రాసిన వినతిపత్రం బయట బల్ల మీద ఉంది. చదివి, సమ్మతమైతే సంతకం చేయండి.